1776 సి.సి. బీటిల్ ఇంజనుకు పోత అల్యూమినియం ట్యాపెట్ కవర్లు: ఎడమవైపు ఆయిల్ కారుతోంది, టిక్కుటిక్కుమంటోంది

బీటిల్‌బాబు (టెంపీ, అరిజోనా) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా దగ్గర 1971 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉన్నది. గత చలికాలంలో దాని 1600 ఇంజనును దించి, కేసునూ (క్రాంకు తిరిగే పెట్టె) హెడ్లనూ (సిలిండర్ల చివర వాల్వులుండే భాగాలు) మెషిన్ షాపులో బోరు చేయించి, 90.5 మి.మీ. పిస్టన్లూ సిలిండర్లూ వేసి, 69 మి.మీ. స్ట్రోకు ఉన్న పాత క్రాంకునే ఉంచి, 1776 సి.సి.కి పెంచాను. రెండు కార్బురేటర్లు పెట్టాను, కామ్ మార్చాను, మొదటి నుంచీ ఉన్న 1.1 నిష్పత్తి రాకర్లను (ఊగుతూ వాల్వులను నొక్కి తెరిచే చేతులు) తీసి 1.4 రాకర్లు వేశాను. రాకర్ల కోణం సరిపోవడానికి స్టాండ్ల కింద 1.5 మి.మీ. షిమ్ములు (పలచని లోహపు బిళ్లలు) పెట్టి, కామ్ కదలికను రాకర్లకు అందించే పుష్‌రాడ్లను కొత్తగా కొలిచి కోయించాను. వాల్వు కాళ్ల కొసలు అరగకుండా, వాటిని నొక్కే చోట రాకర్లకు, కొసన తిరిగే పాదం ఉన్న ట్యాపెట్ స్క్రూలు వాడాను. ఇంతవరకూ అంతా బాగానే జరిగింది.

ఇబ్బంది ట్యాపెట్ కవర్ల దగ్గర, అంటే ఇంజనుకు రెండు పక్కలా హెడ్ల మీద వాల్వులనూ రాకర్లనూ మూసే మూతల దగ్గర, మొదలైంది. ఇక్కడివాళ్లు వీటిని వాల్వ్ కవర్లు అంటారు గాని, నేను కాకినాడలో మా మేనమామగారి షెడ్డులో నేర్చుకున్న మాటనే వాడుతున్నాను. పాత రేకు కవర్లు తుప్పు పట్టి అందవిహీనంగా ఉన్నాయని, రెక్కలున్న పోత అల్యూమినియం కవర్లు కొన్నాను. పాతవాటిని ఒకే ఒక స్ప్రింగు కమ్మీ నొక్కి పట్టి ఉంచేది. కొత్తవాటికి కమ్మీ లేదు. రాకర్ షాఫ్టును బిగించే మామూలు నట్ల స్థానంలో పొడవాటి నట్లు వేసి, కవరు బయటినుంచి రెండు బోల్టులను లోపలికి దూర్చి, ఆ నట్లలోకి బిగించాలి.

ముప్పై మైళ్లు తిరిగి వచ్చి గరాజులో ఆపితే, ఎడమ కవరు కింది అంచున ఒక చుక్క ఊరి, వేలాడి, హీటర్ బాక్సు మీద పడి పొగ లేస్తోంది. కారు లోపల మాడిన నూనె వాసన. కుడివైపు తడి మాత్రమే ఉన్నది, కారడం లేదు. దీనికి తోడు ఐడిలింగులో ఎడమవైపు నుంచి టిక్కుటిక్కుమని ఒక శబ్దం వస్తోంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్లు (స్క్రూకూ వాల్వుకూ మధ్య ఖాళీ) 0.006 అంగుళాలకే, అంటే 0.15 మి.మీ.కే సరిచేశాను. స్పానరు ఇక కదలనంత వరకూ బోల్టులు బిగించాను, కవరుకూ హెడ్డుకూ మధ్య ఉండే కార్కు ప్యాకింగుకు రెండు వైపులా సిలికాన్ పేస్టు కూడా పూశాను, ఫలితం లేదు. ప్యాకింగు మార్చాలా, కవరు వంకరగా ఉన్నదా, లేక ఈ కవర్లే పనికిరానివా? తెలిసినవారు చెప్పగలరు.

పాత స్పానర్ (శాన్ డియేగో) సమాధానం:

బీటిల్‌బాబు గారూ, మీరు వివరంగా రాయడం వల్ల నా పని సగం తగ్గింది. మొదట ఆ ఆయిల్ ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకోండి. ఈ ఇంజనులో హెడ్డు నుంచి ఆయిల్ కేసులోకి తిరిగి వెళ్లే దారి పుష్‌రాడ్ గొట్టాలే. వాటి రెండు చివర్లా ఉండే రబ్బరు సీళ్లలో ఏది కారినా ఆ తడి హెడ్డు అడుగున పాకి, కవరు అంచు దగ్గర చుక్క కట్టి, నేరం కవరు మీదకు తోస్తుంది. గొట్టాలను వేసే ముందు 190 మి.మీ. దాకా సాగదీసి వేశారా? సాగదీయకపోతే సీలు మీద ఒత్తిడి చాలదు. బ్రేక్ క్లీనరుతో ఆ వైపంతా శుభ్రంగా కడిగి, ఆరిన తరువాత పిల్లలకు వేసే టాల్కం పౌడరు పలచగా చల్లి, పది నిమిషాలు ఇంజను నడిపి చూడండి. పౌడరు మొదట ఎక్కడ తడిసి నల్లబడితే అదే మూలం. ఈ చిన్న పని చేయకుండా మూడు జతల ప్యాకింగులు మార్చినవారిని ఎరుగుదును, అందులో ఒకణ్ణి నేనే.

ఇక మీ మాటల్లో నన్ను ఆపింది "స్పానరు ఇక కదలనంత వరకూ" అన్న ముక్క. కార్కు ప్యాకింగు మెత్తనిది. దాన్ని నొక్కుతున్న బోల్టు బిగుతు క్రమంగా పెరుగుతుందే గాని గోడకు తగిలినట్టు ఒక్కసారిగా ఆగదు. మీ బోల్టు అలా ఆగిందంటే అది కవరును నొక్కడం వల్ల ఆగలేదు, పొడవాటి నట్టు లోపలి అడుగుకు తగిలి ఆగిందని నా అనుమానం. మీరు స్టాండ్ల కింద 1.5 మి.మీ. షిమ్ములు పెట్టినప్పుడు రాకర్ షాఫ్టు బయటికి జరిగింది, దానితోపాటు నట్టూ బయటికి జరిగింది. కవరు మాత్రం హెడ్డు అంచు మీద ఎప్పటిచోటనే కూర్చుంటుంది. షిమ్ములు లేని ఇంజనును దృష్టిలో పెట్టుకొని తయారు చేసిన బోల్టు మీ నట్టులో 1.5 మి.మీ. ముందుగానే అడుగు తాకుతుంది. చేతికి బిగుతుగానే అనిపిస్తుంది, ప్యాకింగు మీద మాత్రం బరువు పడదు.

పరీక్షించడం సులభం. సన్నని కాగితపు ముక్కలు నాలుగు కోసి, ప్యాకింగుకూ హెడ్డుకూ మధ్య నాలుగు మూలలా పెట్టి, కవరు బిగించి, ఒక్కొక్కటే లాగండి. చిరిగిపోతే ఆ మూల బాగున్నట్టు. జారి చేతిలోకి వస్తే అక్కడ నొక్కు లేనట్టు.

టిక్కు శబ్దం సంగతి వేరు. కవరు తీసి లోపలి గోడను దీపం వెలుగులో చూడండి. మెరిసే గీతలో నొక్కులో కనిపిస్తే అవి ఎక్కడ ఉన్నాయో రాయండి, పైవరుసలోనా కింది వరుసలోనా అన్నది ముఖ్యం. మరొక్క హెచ్చరిక: ఈ రకం అమరికలో కవరు బోల్టు విప్పేటప్పుడు దానితోపాటు లోపలి నట్టు కూడా తిరిగి వదులయ్యే ప్రమాదం ఉన్నది, ఆ నట్టే మీ రాకర్ షాఫ్టును పట్టి ఉంచుతోంది. కవరు తీసిన ప్రతిసారీ ఆ నట్లను టార్క్ రెంచితో 18 అడుగు-పౌండ్లకు, అంటే దాదాపు 25 న్యూటన్ మీటర్లకు, సరిచూసిన తరువాతే మళ్లీ మూయండి.

నల్లనూనె (డాలస్) సమాధానం:

పాత స్పానర్ గారు చెప్పినవి సరైనవే గాని, నా అభిప్రాయం కొంచెం వేరు. ఆ కవర్లను గోడకు తగిలించుకొని, పాత రేకు కవర్లకు తిరిగి వెళ్లండి. పోత కవర్ల రెక్కలు ఇంజనును చల్లబరుస్తాయని అమ్మేవారు అంటారు. ఈ ఇంజను వేడిని తీసేవి సిలిండర్ల మీద, హెడ్ల మీద ఉండే రెక్కలు, వాటి మీదుగా గాలి తోసే ఫ్యాను, ఆయిల్ కూలరు. కవరు మీద చిందే నాలుగు చుక్కల నూనెను చల్లబరచి సాధించేది పెద్దగా లేదు. కంపెనీ కవరు గొప్పతనమంతా ఆ కమ్మీలో ఉన్నది: అది కవరు నడుమన ఉన్న సొట్టలో కూర్చుని స్ప్రింగులా నొక్కుతుంది, ఇంజను వేడెక్కి హెడ్డు వ్యాకోచించినా ఆ నొక్కు తగ్గదు, ప్యాకింగు కొంచెం అణగినా వెంటే ఉంటుంది. బోల్టుకు ఆ గుణం లేదు. పైగా బోల్టు కవరులోంచి దూరుతుంది కాబట్టి ఆ రెండు రంధ్రాలు కొత్తగా కారే చోట్లు. రబ్బరు రింగో రాగి వాషరో సరిగా లేకపోతే అక్కడినుంచీ వస్తుంది.

క్రోమ్ పూసిన రేకు కవర్ల జోలికి కూడా పోవద్దు. ఆ నునుపు మీద ప్యాకింగు జిగురు అంటదు, ప్యాకింగు జారి బయటికి నాలుక చాపుతుంది. ఇప్పటికే కొని ఉంటే, ప్యాకింగు కూర్చునే గాడిలో క్రోమును గరుకు కాగితంతో గీకి అప్పుడు అంటించాలి.

నా అసలు అనుమానం కేసులో పెరిగే గాలి ఒత్తిడి మీద ఉన్నది. పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి కేసులోకి దిగుతుంది. ఇంజనును పెంచి, ఎక్కువ వేగంతో తిప్పేకొద్దీ అదీ పెరుగుతుంది. రెండు కార్బురేటర్లు పెట్టినప్పుడు పాత ఎయిర్ క్లీనరు పోతుంది, ఆయిల్ పోసే మూతి దగ్గరి నుంచి దానిలోకి వెళ్లే గొట్టానికి చోటు ఉండదు, చాలామంది దానికి మూత పెట్టేస్తారు. మీరు ఏం చేశారు? మూసి ఉంటే ఏ కవరు పెట్టినా అది కారుతుంది.

బీటిల్‌బాబు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. శని, ఆదివారాలు రెండూ దీనికే ఇచ్చాను, చూసినవి వరుసగా రాస్తాను.

నల్లనూనె గారూ, గొట్టానికి మూత పెట్టలేదు, చివర చిన్న ఫిల్టరు తగిలించాను. మీరు అన్నాక ఐడిలింగులో ఆయిల్ మూత తీసి అరచేయి అడ్డం పెట్టి చూశాను. పలచని ఆవిరి తప్ప నెట్టుడు తెలియలేదు.

పౌడరు పరీక్షలో పుష్‌రాడ్ గొట్టాలు నాలుగూ పొడిగానే ఉన్నాయి. తడిసింది కవరు కింది అంచు నడుమనే, రెండు బోల్టుల మధ్య భాగంలో. తరువాత కిరాణా కొట్టు రసీదును ముక్కలు చేసి కాగితం పరీక్ష చేశాను. ఎడమవైపు నాలుగింటిలో మూడు వెన్నలోంచి తీసినట్టు వచ్చేశాయి. బోల్టు విప్పి చివరను చూస్తే, మొదటి మర చదునుగా నలిగి మెరుస్తోంది. నట్టు లోతును కొలిచాను. పాత స్పానర్ గారు ఊహించినట్టే బోల్టు 1 మి.మీ. కంటే ఎక్కువే ముందుగా అడుగు తాకుతోంది. బోల్టులను రెంచి తగిలించి విప్పుతుంటే ఒక నట్టు నిజంగానే వెంట తిరిగింది. మీరు ముందే చెప్పకపోతే గమనించకుండా మూసేసి, వారం తరువాత రాకర్ షాఫ్టు వదులై రోడ్డు మీద నిలబడేవాణ్ణి.

కవరు లోపల పైవరుసలో, రెండు చివరలా, గోరంత అర్ధచంద్రాకారపు మెరుపు నొక్కులు కనిపించాయి. నడుమన ఏమీ లేవు, కింది వరుసలోనూ లేవు. కవరు రెండు చివర్లలో లోపలి గోడ లోతు తగ్గుతూ వస్తుంది, నొక్కులు సరిగ్గా అక్కడే ఉన్నాయి. షిమ్ములు తీసేస్తే ఇది కూడా పోతుందా?

పాత స్పానర్:

పోదు. ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను.

హెడ్డులో వాల్వులు పైవరుసలో, పుష్‌రాడ్లు కింది వరుసలో ఉంటాయి. వాల్వు తెరుచుకునేటప్పుడు రాకరు పైకొస హెడ్డు వైపు లోపలికి పోతుంది, కింది కొస కవరు వైపు బయటికి వస్తుంది. అందుచేత కింది వరుసలో నొక్కు పడితే వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు తగులుతున్నట్టు, పైవరుసలో పడితే వాల్వు మూసుకునేటప్పుడు తగులుతున్నట్టు. మీ నొక్కులు పైవరుసలో రెండు చివర్లా ఉన్నాయి. ఈ హెడ్డులో చివరి వాల్వులు రెండూ ఎగ్జాస్టువి, ఇన్‌లెట్ వాల్వులు నడుమన పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి తగులుతున్నవి ఎగ్జాస్టు రాకర్ల ట్యాపెట్ స్క్రూల తలలు.

ఇప్పుడు షిమ్ము సంగతి చూడండి. స్క్రూ పాదం ఎప్పుడూ వాల్వు కాలి కొసమీదే ఆనుతుంది. పాదం అక్కడ ఉంటే తల ఎంత దూరాన ఉంటుందన్నది స్క్రూ పొడవును బట్టే గాని రాకరు ఎక్కడ ఉన్నదనే దాన్ని బట్టి కాదు. మీరు షిమ్ము వేసి రాకరును బయటికి జరిపితే, ట్యాపెట్ సరిచేసేటప్పుడు స్క్రూను అంతమేర లోపలికి తిప్పుతారు; తల మొదట ఉన్నచోటికే వస్తుంది. లాక్ నట్టు, రాకరు కింది కొస మాత్రం బయటికి జరిగి ఉంటాయి. అందుచేత బోల్టు అడుగు తాకడానికి కారణం షిమ్ము, తల తగలడానికి కారణం తిరిగే పాదం ఉన్న మీ స్క్రూ పొడవు. ఒకే కవరు దగ్గర రెండు వేరువేరు తప్పులు కలిశాయి. ఆ తల ప్రతి రెండు క్రాంకు చుట్లకు ఒకసారి కవరును లోపలినుంచి తడుతోంది కాబట్టి, అసలే నొక్కు లేని ప్యాకింగు ఇంకా వదులవుతోంది.

లోపలి గోడను గ్రైండరుతో తొలిచేద్దామని అనిపిస్తుంది, తొందరపడకండి. పోత ఎక్కడ ఎంత మందం ఉన్నదో బయటికి తెలియదు, చిల్లు పడితే కవరు చెత్తబుట్టకే. అదే మరలున్న పొట్టి స్క్రూలు దొరికితే అవి వేయండి. లేదా లోతైన కవరు చూసుకోండి. ఏది చేసినా మూసే ముందు మట్టి పరీక్ష తప్పనిసరి. ప్రతి రాకరు కొస మీదా, స్క్రూ తల మీదా మెత్తని బంకమట్టి ముద్ద పెట్టి, కవరు లోపల నూనె రాసి, ప్యాకింగుతో సహా బిగించి, క్రాంకు పుల్లీని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఒక్క చుట్టు చాలదు, సగం వాల్వులు కదలవు. తరువాత విప్పి అన్నిటికంటే పలచగా నలిగిన ముద్దను కోసి కొలవండి. కనీసం 1.5 మి.మీ. మిగలనిదే నేను ఇంజనును స్టార్టు చేయను.

ఒక విషయంలో నల్లనూనె గారితో విభేదిస్తాను. బోల్టు కవర్లన్నీ చెడ్డవి కావు. కమ్మీ పట్టే చోటనే హెడ్డును వెనుకనుంచి పట్టుకునే ఇనుప పట్టీలు పెట్టి, వాటికి కవరును బిగించే రకం ఒకటి ఉన్నది; అందులో రాకర్ షాఫ్టుతో కవరుకు సంబంధమే ఉండదు, షిమ్ములు ఎన్ని వేసినా తేడా రాదు. ట్రాకు మీద తిప్పే ఇంజనులకు నేను అవే వాడతాను. వీధిలో తిరిగే బండికి మాత్రం కమ్మీ చాలునన్న మాట ఒప్పుకుంటాను.

సికిందరాబాదీ:

నేను ఇక్కడ ఒక పాత బీటిల్‌ను నడుపుకుంటున్నవాణ్ణి. ఇంజను మార్పుల గురించి చెప్పగలిగినంత అనుభవం నాకు లేదు గాని, ప్యాకింగు గురించి రెండు మాటలు. మాకు రెడీమేడ్ ప్యాకింగులు వెంటనే చేతికి రావు కాబట్టి రాణీగంజ్‌లో కార్కు షీటు కొని, పాత ప్యాకింగును అచ్చుగా పెట్టి నేనే కోసుకుంటాను. నిలవ ఉన్న కార్కు ఎండిపోయి కుంచించుకుపోతుంది, గాడిలో పొడవు చాలదు. దాన్ని లాగి సాగదీస్తే చటుక్కున తెగుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టండి, మెత్తబడి తన కొలతకు వస్తుంది. నీడన తడి ఆరనిచ్చి అప్పుడు అంటించుకోవాలి.

సిలికాన్ పేస్టు రెండు వైపులా పూయడం గురించి బీటిల్‌బాబు గారు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. జిగురు కవరు వైపు మాత్రమే ఉండాలి, అదీ పలచగా. దాన్ని పూర్తిగా ఆరనిచ్చి, హెడ్డు వైపు ముఖానికి కొంచెం గ్రీజు రాస్తే చాలు. అప్పుడు ట్యాపెట్లు సరిచేయడానికి కవరు తీసిన ప్రతిసారీ ప్యాకింగు కవరుతోపాటే వస్తుంది, మళ్లీ అదే పెట్టుకోవచ్చు. పేస్టుతో అతికిస్తే కవరును స్క్రూడ్రైవరుతో పెకలించాల్సి వస్తుంది. ఆ స్క్రూడ్రైవరు హెడ్డు అంచు మీద పెట్టే గంటే తరువాతి లీకు. అదనపు పేస్టు లోపలికి పిండుకుని ఊడి ఆయిల్‌లో పడితే, అది పంపు నోటి దగ్గరి జల్లెడ దాకా వెళ్తుంది.

బీటిల్‌బాబు:

చివరి సంగతులు రాసి ముగిస్తాను. సికిందరాబాదీ గారు అన్నట్టు, ఎడమ హెడ్డు అంచున స్క్రూడ్రైవరు గంటు ఒకటి కనిపించింది, అది నా చేతిపనే. సన్నని ఆకురాయితో పొడుచుకు వచ్చిన అంచును మాత్రం నున్నగా చేసి, ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి వెనుక దీపం పెట్టి చూస్తే వెలుతురు కనిపించలేదు.

పొట్టి స్క్రూలు తెప్పించుకునే లోపు పాత రేకు కవర్లు సరిపోతాయేమో చూద్దామనిపించింది. బంకమట్టి ఇంట్లో లేదు, రాత్రి తొమ్మిదయింది. మా ఆవిడ చపాతీలకు కలిపి పెట్టిన పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద అడిగి తెచ్చి, ఎనిమిది చోట్లా చిన్న చిన్న ఉండలు పెట్టి, కవరు లోపల నూనె రాసి, కమ్మీ ఎక్కించి, పుల్లీని రెండు చుట్లు తిప్పాను. విప్పి చూస్తే ఎగ్జాస్టు స్క్రూల మీద 3 మి.మీ. మందం మిగిలింది, కింది వరుసలో అన్నిటికంటే పలచనిది 2 మి.మీ. రేకు కవరు చివర్లలో కూడా లోతుగానే ఉండటం వల్ల ఇంత తేడా వచ్చింది. పిండిని ఒక్క రేణువు మిగలకుండా తుడవడానికి పట్టిన సమయం పరీక్షకు పట్టిన సమయానికి రెండింతలు, కాబట్టి మరొకరికి ఈ పిండి ఉపాయం సిఫారసు చేయను.

రేకు కవర్ల తుప్పు గీకి, అంచులను చదునైన చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో సరిచేసి, నల్ల రంగు వేశాను. కొత్త కార్కు ప్యాకింగును కవరుకు అంటించి ఒక రాత్రి ఆరనిచ్చాను. పొడవాటి నట్లు తీసేసి మామూలు నట్లు వేసి 18 అడుగు-పౌండ్లకు బిగించాను, ట్యాపెట్లు మళ్లీ సరిచేశాను. కుడివైపు కమ్మీ బొటనవేలితోనే ఎక్కిపోయేంత వదులుగా ఉన్నది. మెక్సికోలోని ప్యూబ్లాలో 2003 జూలైలో తయారీ ఆగేనాటికి రెండు కోట్ల పదిహేను లక్షలకు పైగా తయారైన కారు కావడం వల్ల అలాంటి విడిభాగానికి ఇప్పటికీ కరవు లేదు, మంచి కమ్మీ ఒకటి పాత సామాన్ల దుకాణంలో దొరికింది. అది ఎక్కాలంటే స్క్రూడ్రైవరుతో తన్నిపెట్టవలసి వచ్చింది, ఈసారి హెడ్డు అంచుకు దూరంగా.

నిన్న ఫ్లాగ్‌స్టాఫ్ ఘాటు ఎక్కి దిగి వచ్చాను, రానూపోనూ దాదాపు మూడు వందల మైళ్లు. టిక్కు లేదు. కవర్ల కింద పరిచిన అట్టముక్క తెల్లవారి చూస్తే పొడిగా ఉన్నది. పొట్టి స్క్రూలు వచ్చాక అల్యూమినియం కవర్లకు బోల్టులు 2 మి.మీ. కోసి మరొకసారి ప్రయత్నించాలా అని ఆలోచిస్తున్నాను.

నల్లనూనె:

వద్దు.